ఉత్తరపు కొసకు మా ప్రయాణ సన్నాహము

ప్రయాణము చేయువారు పురుషులు, ప్రయాణమునకు సర్దువారు స్త్రీలు అనునది మన యిండ్లలో చిరకాలపు వాడుక. కాశీకి పోవువారు మామగారైనను, పరీక్షకు పోవువాడు కుమారుడైనను, ఎన్ని పూటల భోజనము కట్టవలయును, ఏ పదార్థము ముందుగా చెడిపోవును, మంచినీళ్ళెక్కడ దొరకును, ఎవరికి దుప్పటి చాలదు అను లెక్క యంతయు వంటింటిలోనే జరుగుచుండెను. ఆ లెక్క తప్పినప్పుడు ఇంటిల్లిపాదికిని తెలియును. సరిపోయినప్పుడు ఎవరికిని తెలియదు. ఈ విద్యను మనకెవరును కూర్చుండబెట్టి నేర్పలేదు. తల్లిని, అత్తగారిని చూచి నేర్చుకొంటిమి. ఇన్నేండ్లకు ఆ విద్యను నా కొరకు నేనే వినియోగించుకొను నవకాశము లభించినది గనుక, ఆ ముచ్చట సోదరీమణులతో చెప్పుకొనవలెనని కలము పట్టితిని.

రాబోవు జూలై మాసమున నేనును, మా వీధిలోనే కాపురమున్న యొక మలయాళ సోదరియు, చెరియొక మోటారు సైకిలుపై, కెనడా దేశపు వాయవ్య మూలనున్న డెంప్‌స్టరు రహదారి వెంట ఆర్కిటికు సముద్రము వరకు పోవ నిశ్చయించుకొంటిమి. నాకు 53 యేండ్లు. ఎడ్మంటను నగరమున కాపురము పెట్టి 26 యేండ్లయినది. మోటారు సైకిలు నడప నేర్చి 8 యేండ్లు. నా తోడు వచ్చునామె నర్సు. నాకంటె నాలుగేండ్లు చిన్నది, నాకంటె చక్కగా నడపును. ఆమె తోడు లేనిచో ఈ తలంపే పెట్టుకొనకుందును.

ముందుగా దారి సంగతి చెప్పెదను. ఎడ్మంటను నుండి డాసన్ క్రీకు మీదుగా వైట్‌హార్సునకును, అక్కడినుండి డాసన్ సిటీకిని దాదాపు 2,500 కిలోమీటర్లు. (ఈ రెండు డాసనులును వేరు వేరు ఊళ్ళు, రెంటికిని పేరు వచ్చినది జార్జి డాసన్ అను నొక భూగర్భ శాస్త్రజ్ఞుని వలననే. మా యింట ఈ పేర్లతో ఎంత గందరగోళము జరిగినదో చెప్పనలవి కాదు.) ఇంతవరకు పెద్ద కష్టము లేదు. డాసన్ సిటీకి 40 కిలోమీటర్ల యివతల చీలి ఉత్తరముగా పోవునదే డెంప్‌స్టరు దారి. అది 736 కిలోమీటర్లు కంకర దారియై ఇనూవిక్ అను నూరు చేరును. 1959లో మొదలుపెట్టి, నడుమ ఆపి, 1979వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన ఈ దారిని తెరచిరి. ఇనూవిక్ దాటి సముద్రము నొడ్డున నున్న టుక్టోయాక్టుక్ అను గ్రామమునకు 138 కిలోమీటర్లు. ఆ తుదిభాగము 2017 నవంబరు 15న గాని తెరువబడలేదు. అంతకుముందు అక్కడివారు శీతకాలమున గడ్డకట్టిన నదిమీదను సముద్రముమీదను బండ్లు నడుపుకొని పోవుచుండిరి.

ఈ దారి క్రింద నేల సంవత్సరము పొడుగునను గడ్డకట్టియే యుండును. పైన బరువు పడి, ఎండ తగిలి, ఆ మంచు కరగినచో దారియే క్రుంగిపోవును. అందువలన నేలకు వెచ్చదనము తగులకుండ 1.2 మీటర్లు మొదలు 2.4 మీటర్ల వరకు కంకర పోసి దానిమీద దారి వేసిరి. మంచుగడ్డను పొట్టులో పాతిపెట్టి కరగకుండ కాపాడుట మన యెరిగినదే గదా, ఇదియు నట్టిదే. దారినుండి ప్రక్కకు జారినచో దిగువ పల్లము కొంచెము లోతుగానే యుండును.

ఇక పెట్రోలు. చీలికవద్ద మొదలుపెట్టినచో 369 కిలోమీటర్లకు ఈగిల్ ప్లెయిన్స్ అనుచోట ఒక హోటలు, పెట్రోలు పంపు ఉన్నవి. నడుమ మరియొక పంపు లేదు. అంగడి లేదు, ఫోను పలుకదు. డాసనులో నింపుకొన్నది మొదలు లెక్క కట్టిన 409 కిలోమీటర్లు. నా బండి చక్కని దారిమీద లీటరుకు 25 కిలోమీటర్లు పోవునుగాని, కంకరమీద, ఎదురుగాలిలో, బరువుతో, 20 కంటె ఎక్కువ లెక్కకట్టుట దురాశ. అట్లయిన 20 లీటర్లన్నర కావలెను. టాంకులో పట్టునవి 17. కావున అయిదు లీటర్ల డబ్బా యొకటి నా బండికి. ఆమె టాంకు చిన్నది గనుక రెండు డబ్బాలు ఆమె బండికి. ఈ లెక్కను నేను పాలవాని పద్దు వ్రాయు పుస్తకములోనే వ్రాసికొంటిని. ఈగిల్ ప్లెయిన్స్ దాటిన తరువాత 181 కిలోమీటర్లకు ఫోర్టు మెక్‌ఫర్సన్, అక్కడినుండి దాదాపు అంతే దూరమున ఇనూవిక్, అక్కడ బెంగలేదు.

దారిమీది రాయి మరియొక చిక్కు. ఈగిల్ ప్లెయిన్స్ ప్రాంతమున పలకరాయిని కొట్టి పరచిరి. అది కత్తి అంచువలె నుండి టైర్లను కోయును. చేతిలో ట్యూబు, జిగురు, మరమ్మతు సామగ్రి యున్నంత మాత్రమున చాలదు. చక్రము విప్పి, టైరు తీసి, మరల ఎక్కించు నేర్పు చేతికి రావలెను. చలికాలమంతయు ఆదివారములందు మేమిద్దరము మా కారు షెడ్డులో ఈ పని యభ్యసించితిమి. మొదటిసారి మధ్యాహ్నము మొదలుపెట్టి దీపాలవేళకు ముగించితిమి. ఇప్పుడు ముప్పాతిక గంట. వంట నేర్చినప్పుడును అంతియే గదా. మొదటి రొట్టె యే యాకారమున వచ్చినదో మనకు తెలియును. దుమ్ము లేవకుండుటకు దారిమీద కాల్షియము క్లోరైడు చల్లుదురట. వాన కురిసినచో అది మట్టితో కలిసి వెన్న పూసినట్లు జారును. ఎండినచో సిమెంటువలె బిగియును. ప్రతి సాయంకాలమును చైను, రేడియేటరు కడుగవలయునని వ్రాసిపెట్టుకొంటిమి. లారీ యెదురైనప్పుడు వేగము తగ్గించి ప్రక్కకు తొలగి నిలుచుట మంచిది, రాళ్ళు రువ్వినట్లు వచ్చిపడును.

ఈ దారికి డెంప్‌స్టరు అను పేరెట్లు వచ్చినదో తెలిసికొన్న నాటినుండి మా సన్నాహపు తీరే మారినది. 1910వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఫోర్టు మెక్‌ఫర్సన్ నుండి ఫిట్జ్‌జెరాల్డు అను పోలీసు ఇన్‌స్పెక్టరు, మరి ముగ్గురితో, కుక్కలు లాగు బండ్లమీద డాసనునకు బయలుదేరెను. 475 మైళ్ళ దారి. ఏటేట చలికాలమున పోలీసులు టపా తీసికొని పోవుచునే యుండిరి. ఆయనకు అందరికంటె త్వరగా చేరవలెనని కోరిక. అందుచేత బరువు తగ్గించి, అలవాటైనదానికంటె తక్కువ తిండి బండ్ల కెక్కించెను. దారి చూపువాడుగా తెచ్చుకొన్న కార్టరు అనువాడు ఆ దారిని ఒక్కమారే, అదియు నెదురు దిక్కునుండి, నడచినవాడు. నడుమ గ్విచిన్ జాతికి చెందిన ఈసౌ జార్జి అనువాడు కొద్దిదూరము దారిచూపగా, అతనికి కూలి యిచ్చి పంపివేసిరి. అతడు పుట్టి పెరిగిన నేల యది. తరువాత వారు తిరుగవలసిన వాగును గుర్తింపలేక దినములకొలది వెదకిరి. వెనుకకు మరలునప్పటికి తిండి యైపోయినది. ఒక్కొక్క కుక్కనే చంపి తినుచు వచ్చిరి. నలుగురును దారిలోనే మరణించిరి. ఫిట్జ్‌జెరాల్డును కార్టరును బయలుదేరిన యూరికి 25 మైళ్ళ దూరమువరకు వచ్చి పడిపోయిరి. 1911 ఫిబ్రవరి చివర డాసను నుండి వెదకబోయి, మార్చిలో వారి దేహములను కనుగొన్నవాడు డెంప్‌స్టరు. ఆయన తనవెంట గ్విచిన్ జాతివాడగు చార్లీ స్టూవర్టును తీసికొని పోయెను.

ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చలి వారిని చంపినదని అందరును అందురు. నాకట్లు తోపలేదు. తిండి తగ్గించుకొనిరి, తెలిసినవానిని పంపివేసిరి, మరలవలసిన దినమున మరలలేదు. ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను బ్రతికియుందురేమో. మా పుస్తకములో ఆ మూడును మూడు పుటలకు శీర్షికలైనవి.

మొదటిది తిండి. మేమిద్దరమును శాకాహారులము. ఎనిమిది దినముల కనుకొన్నదానికి మూడు దినములు కలిపి పదునొకండు దినములకు కట్టుచున్నాము. రవ్వను ముందే వేయించి పోపు కలిపి పొట్లములు కట్టినచో, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టిన నైదు నిమిషములలో ఉప్మా సిద్ధము. పులిహోర పులుసు ఉడికించి సీసాలో, అటుకులు, కందిపొడి, వేరుసెనగలు, సున్నుండలు. ఆవకాయ విషయమున మాత్రము పెద్ద చర్చ జరిగినది. ఆ దారిలో గ్రిజిలీ ఎలుగులును నల్ల ఎలుగులును తిరుగుచుండును. వాసన గల వస్తువేదియు గుడారములో ఉంచరాదు, పండ్లపొడి సహితము. అన్నియు ఎలుగు తెరువలేని గట్టి డబ్బాలో పెట్టి దూరముగా నుంచవలెను. వంట కూడ గుడారమునకు నూరు మీటర్ల దూరమున చేయవలెను. ఎలుగునకు ఆవకాయ రుచించునో లేదో పరీక్షింప నాకిష్టము లేదు. చిన్న సీసా యొక్కటి, ఆ డబ్బాలోనే.

రెండవది, తెలిసినవారి నడుగుట. డాసన్ సిటీ, టూమ్‌స్టోను పర్వతములు ట్రొండెక్ హ్వెచిన్ జాతివారి సీమ. ఫోర్టు మెక్‌ఫర్సన్ గ్విచిన్‌వారి యూరు. టుక్టోయాక్టుక్ ఇనూవియాలూయిట్‌వారిది. రమ్యమైన శూన్యారణ్యమని మనము చెప్పుకొను చోటు వారికి ఇల్లు, చేను, శ్మశానము. కారిబూ మందలు ఏ మాసమున ఎటు పోవునో, ఏ గాలికి పడవ ఆగునో వారికి తెలియును. కావున ప్రతి యూరిలోను ఒక పూట ఆగి, ముందు దారి యెట్లున్నదో అడిగి గాని కదలరాదని నియమము పెట్టుకొంటిమి. ప్రభుత్వమువారు ప్రతిదినము ప్రకటించు రోడ్డు సమాచారము ఎట్లును చూతుము. వేసవిలో కార్చిచ్చులు కూడ నుండును. 2023 ఆగస్టులో ఆ రాష్ట్రపు రాజధానియగు ఎల్లోనైఫు నగరమునే ఖాళీ చేయించిరి.

మూడవది మరలుట. ఈగిల్ ప్లెయిన్స్ సగము దారి. అక్కడ రాత్రి యుండి, మరునాడు ఉదయము బండ్లు, వాన, మా యొళ్ళు మూడును చూచుకొని, ముందుకా వెనుకకా నిర్ణయించుకొందుము. అక్కడినుండి 36 కిలోమీటర్లు పోయినచో ఆర్కిటికు వలయ రేఖ. అంత దగ్గరకు వచ్చి మరలుట కష్టమని తెలియును. అందుచేతనే ఇద్దరిలో నెవరు ‘చాలు’ అనినను రెండవవారు కారణ మడుగరాదని మాట యిచ్చుకొంటిమి. ఆమె ఈ నియమమును కాగితముమీద వ్రాయించి నాచేత సంతకము చేయించినది. ఆస్పత్రిలో పనిచేయువారికి కాగితములపై నమ్మకము హెచ్చు.

మావారు ఈ ప్రయాణమునకు వద్దనలేదు. ‘ఎందుకు?’ అని మాత్ర మడిగిరి. నేను మొదట నాకు ముందు పోయిన స్త్రీల కథలు చెప్పితిని. 1916లో వాన్ బ్యూరెను అక్కచెల్లెండ్రు ఇద్దరు మోటారు సైకిళ్ళపై అమెరికా ఖండమును ఆ యొడ్డునుండి ఈ యొడ్డునకు దాటిరి. పంట్లాములు తొడిగినందుకు కొన్ని యూళ్ళలో పోలీసులు వారిని పట్టుకొనిరట. 1934 డిసెంబరులో థెరీసా వాలకు, ఫ్లారెన్సు బ్లెంకిరను అను నిద్దరు లండను నుండి బయలుదేరి, సహారా యెడారి మీదుగా 1935 జూలైలో కేపుటౌను చేరిరి. మన హైదరాబాదు నుండియే 2019లో నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళపై మీకాంగు నదీ దేశములకు పోయి వచ్చిరి. మావారు సావధానముగా విని, ‘వాళ్ళు ఎందుకు వెళ్ళారో చెప్పావు. నువ్వెందుకు?’ అనిరి.

నిజము చెప్పవలెనన్న, 26 యేండ్లుగా ఈ దేశమున నేను చూచినది ఇల్లు, కొలువు, పిల్లల బడి, విమానాశ్రయము. ఈ మంచును, ఈ చలిని తిట్టుకొనుచునే దీనిలో సగము ఆయుస్సు గడిపితిని. ఇది యెక్కడినుండి వచ్చుచున్నదో, దీని పుట్టిల్లెట్టిదో ఒక్కమారు చూడవలెనని నాకున్నది. అంతకంటె గొప్ప కారణము లేదని చెప్పితిని. ఆయన మరి మాటాడలేదు. మరునాడు ఉపగ్రహముద్వారా సందేశములు పంపు చిన్న యంత్రము నొకదానిని కొనితెచ్చి బల్లమీద పెట్టిరి.

ఆ యంత్రము వచ్చిన తరువాతనే మా యింట అసలు వాదము మొదలైనది. ఫోను పలుకని చోట ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు ‘క్షేమము’ అని ఒక సందేశము పంపవలెను. సరే. అది రానిచో? యంత్రము చెడిపోయియుండవచ్చును, కొండచాటు కావచ్చును, అలసి నిద్రపోయి యుండవచ్చును. ఎన్ని గంటలు చూచి పోలీసులకు కబురు చేయవలెను? మావారు మూడు గంటలనిరి. నేను ఇరువది నాలుగంటిని. మూడు గంటలకే కబురు చేసినచో, ఎక్కడనో నిజముగా ప్రాణాపాయములో నున్నవారికొరకు పోవలసిన విమానము మా నిద్ర చెడగొట్టుటకు వచ్చును. ఆయన, ‘ఇరవైనాలుగు గంటలు నేనిక్కడ ఏం చెయ్యను?’ అనిరి. దానికి నాయొద్ద సమాధానము లేదు. రోడ్డుమీది యపాయము నాది. ఇంటిలో కూర్చుండి గడియారము చూచు కష్టము ఆయనది. ఇన్నాళ్ళును ఇంటిలోనుండి ఆ గడియారము చూచినదానను నేనే గనుక అది యెట్టిదో నాకు తెలియును. మూడు రాత్రులు మాటాడుకొని పండ్రెండు గంటల కొడబడితిమి. గాయము తగిలినచో యంత్రములో వేరే మీట యున్నది. దానికి లెక్కలు లేవు. డాసనులోను ఇనూవిక్‌లోను ఆస్పత్రులున్నవి. నడుమ దారినే అక్కడక్కడ వెడల్పుచేసి విమానము దిగుటకు అనువుగా నుంచిరి. ఈ సంగతులన్నియు వ్రాసిన కాగితము మా రిఫ్రిజిరేటరు తలుపున అంటించియున్నది.

అమ్మతో చెప్పుట మాత్రము తుదివరకు వాయిదా వేసితిని. అమ్మకు 81 యేండ్లు. రాజమహేంద్రవరమున మా తమ్ముని యింట నున్నది. చెప్పవద్దని తమ్ముడును, చెప్పకున్న నెట్లని మరదలును అనిరి. చెప్పక పోవుట నాకు దొంగతనమువలె తోచినది. ఒక ఉదయము ఫోనులో చెప్పితిని. కొంతసేపు అవతల చప్పుడు లేదు. తరువాత, ‘మీ ఆయనేమన్నాడు?’ అని యొక ప్రశ్న. ‘తోడు ఎవరే?’ అని మరియొకటి. నదులు దాటవలెనా యని యడిగినది.

రెండు నదులు దాటవలెను. 539వ కిలోమీటరున పీలు నది, 608వ కిలోమీటరున, త్సీగెచ్చిక్ గ్రామము కడ, కెనడాలోకెల్ల పొడవైన మెకంజీ నది. వంతెనలు లేవు. జూను మొదలు అక్టోబరువరకు బండ్లతోసహా జనమును దాటించు నావలుండును, కూలి తీసికొనరు. చలికాలమున గడ్డకట్టిన నదిమీదనే దారి. నడుమ మంచు కట్టునప్పుడును విరుగునప్పుడును రాకపోకలుండవు. ఇదంతయు చెప్పబోవుచుండగనే అమ్మ, ‘అంటే పంటే కదా’ అనినది. ఆమె పుట్టినది ముక్తేశ్వరము చెంత. కోటిపల్లి రేవున పంటుమీద గౌతమిని ఎన్నిమార్లు దాటినదో లెక్కలేదు. ‘వరదొస్తే పంటు ఆపేస్తారు. అక్కడా ఆపుతారా? రెండు రేవుల మధ్య చిక్కుకుంటే ఎక్కడ పడుకుంటారు?’ అని యడిగినది. ఎడ్మంటనులో మమ్ము హెచ్చరించిన పెద్దమనుష్యులందరును ఎలుగుబంట్ల మాటయే యెత్తిరిగాని, ఈ ప్రశ్న యొక్కరును అడుగలేదు. నీరు పెరిగినను, తగ్గినను, గాలి హెచ్చినను అక్కడను ఆపుదురనియు, పీలు నది దాటినవెంటనే బస దిగుటకు చోటున్నదనియు, మూడు దినముల తిండి అదనముగా నున్నది అందుకే ననియు చెప్పితిని. ‘పంటు మీద బండెక్కి కూర్చోకు, దిగి పట్టుకుని నిలబడు’ అనినది.

జూలై తొలిదినములందు ఇనూవిక్‌లో సూర్యు డస్తమింపడని చెప్పగా నమ్మలేదు. ఏటా దాదాపు 56 దినములు అట్లే యుండునంటిని. ‘మరి సంధ్యదీపం ఎప్పుడు పెడతారే?’ అనినది. దోమలు విస్తారముగా నుండు కాలమైనను మేమా దినములనే యెన్నుకొనుటకు కారణ మిదియే. బండి యెక్కడ నిలిచిపోయినను చీకటిలో చిక్కుపడము. ముఖమునకు దోమతెరలు కుట్టుకొంటిమి.

యూకాను రాష్ట్రమున రాత్రి యెనిమిదైనప్పుడు రాజమహేంద్రవరమున మరునాటి యుదయ మెనిమిదిన్నర. ఆ వేళకు అమ్మ పూజ ముగించి కాఫీ త్రాగుచుండును. మావారికి చేరిన సందేశమే మరదలి ఫోనుకును చేరునట్లు అమర్చితిమి. పండ్రెండు గంటల నియమము అమ్మకు చెప్పలేదు, మరదలికి చెప్పితిని. ఆమె గట్టి మనిషి.

క్రొత్త చైను వచ్చినది. వెనుక టైరు ఇంకను రావలసియున్నది. నా తోడునకు సెలవు మంజూరైనది. టుక్టోయాక్టుక్ వరకు పోవుటయా, ఇనూవిక్‌లోనే ఆగుటయా అనునది అప్పటి వానను బట్టి యుండును. సున్నుండలు బయలుదేరుటకు రెండు దినములు ముందు చుట్టెదను; మినుములు నిన్ననే తెచ్చి ఎండబోసితిని.